నీలి ఫిల్టర్‌లో వీరభద్రం చేయి

కడిగిన నెగెటివ్‌ను తీగకు తగిలించబోతూ సుకన్య ఒక్కసారి దాన్ని కిటికీ వెలుగుకు పెట్టి చూసింది. క్లిప్పు పట్టుకున్న చేయి అలాగే ఆగిపోయింది.

అరచేయంత ఫిల్ము షీటు అది. అందులో ఆమె భర్త వీరభద్రం బనియన్ మీద, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. నెగెటివ్ కాబట్టి చామనచాయ మనిషి తెల్లగా, తెల్ల బనియన్ నల్లగా పడ్డాయి. అందులో వింతేమీ లేదు. కానీ ఎడమ చేతి మీద, మోచేతికి కాస్త కింద, కందిగింజంత మచ్చ ఒకటి నల్లగా ఉంది. చేయంతా తెల్లగా ఉండి ఆ ఒక్క చోటే నల్లబడిందంటే, అసలు మనిషి ఒంటి మీద ఆ చోటు పాలిపోయి ఉన్నట్టు. కందిగింజంత అన్నది ఫిల్ము మీది మాట. చేతి మీద కొలిస్తే రూపాయి బిళ్ళ కంటే పెద్దదే.

నీటి మరకేమో అనుకుని మళ్ళీ నీళ్ళలో ముంచి తీసింది. పోలేదు. గోటితో గీకి చూద్దామనిపించింది గానీ, తడి ఫిల్ము మీద గోరు పెట్టేంత తెలివితక్కువది కాదు. తీగకు తగిలించి, తలుపు దగ్గరగా వేసి బయటికొచ్చింది. వాళ్ళ బాత్‌రూమే ఆమె డార్క్‌రూమ్. కిటికీకి నల్ల అట్ట పెడితే డార్క్‌రూమ్, తీస్తే బాత్‌రూమ్. ఈ ఏర్పాటు మీద వీరభద్రం వేసే జోకులు కరీమాబాద్ గల్లీ అంతా వింది.

ఆ గల్లీ మొదట్లోనే సుకన్యకు చిన్న ఫోటో దుకాణం ఉంది. పాస్‌పోర్టు సైజులు, ఫోన్ల నుంచి ప్రింట్లు. అది కడుపు కోసం. మనసంతా మాత్రం ఆ పెద్ద చెక్క కెమెరా మీదే. ముందు లెన్సు, వెనక అద్దం, మధ్యలో హార్మోనియం తిత్తిలా మడతలు పడే తోలు బెల్లోస్. నెత్తి మీద నల్లగుడ్డ కప్పుకుని అద్దంలోకి చూస్తే లోకం తలకిందులుగా కనిపిస్తుంది. మండిబజార్‌లో స్టూడియో నడిపిన నయీముద్దీన్ చాచా దగ్గర ఆమె పెళ్ళికి ముందు పని నేర్చుకుంది. స్టూడియో మూసేస్తూ ఆయన ఆ కెమెరాను, ఫిల్టర్లున్న రేకు డబ్బాను, లెన్సుకు ఎండ తగలకుండా ముందు తొడిగే నల్ల షేడును ఆమె చేతిలో పెట్టాడు. సొంత కూతురికి కూడా అన్ని జాగ్రత్తలు చెప్పి ఉండడు.

నలుపు తెలుపు ఫిల్ముకు ఫిల్టరే వంటలో ఉప్పులాంటిది. పసుపుది పెడితే మబ్బులు తేలతాయి. ఎర్రది పెడితే ఆకాశం వానొచ్చేముందులా నల్లబడుతుంది. నారింజది పెడితే మొహం మీది మొటిమలు, మచ్చలు చెప్పినట్టు విని మాయమైపోతాయి. పెళ్ళిచూపుల ఫోటోలకు చాచా ఎప్పుడూ నారింజే వాడేవాడు, అందుకే ఆయన స్టూడియో ముందు ఆడపిల్లల తల్లులు క్యూ కట్టేవారు. నీలి ఫిల్టర్ జోలికి మాత్రం ఎవరూ పోరు. దానికి మొహమాటం లేదు. ముడతలు, కాలిన గుర్తులు, ఎండకు కమిలిన చర్మం అన్నీ రెట్టింపు చేసి చూపిస్తుంది. కంటికి ఇంకా కనిపించనివి కూడా ముందే తెచ్చి పెడుతుంది.

సుకన్యకు కావలసింది అదే. హన్మకొండలో పెట్టబోయే ప్రదర్శన కోసం పని చేసే మనుషుల ఫోటోలు తీస్తోంది. కొత్తవాడలో జంపఖానాలు నేసే ముసలాయన, గ్రెయిన్ మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసే మనిషి, ఆ తర్వాత సొంత మొగుడు. వీరభద్రం పెళ్ళిళ్ళ వంట మాస్టర్. ఖిలా వరంగల్ పోయే దారిలో ఒక ఫంక్షన్ హాల్ వెనక, పొయ్యిల పక్కన అతన్ని నిలబెట్టి తీసింది. చేతుల మీద ముప్పై ఊళ్ళ నూనె చింది ఉంటుంది, ఆ గుర్తులన్నీ రావాలని నీలి ఫిల్టర్ పెట్టింది.

అక్కడే ఒక తప్పు చేసింది. ఆ ఫిల్టర్ పాతకాలపు చదరపు గాజుముక్క, లెన్సు కంటే పెద్దది. టేపుతో అతికిస్తే షేడు తొడగడానికి చోటు మిగల్లేదు. అలాంటప్పుడు చేతిలో ఉన్న అట్టముక్కనైనా లెన్సుకు గొడుగులా అడ్డం పట్టాలి. పైన రేకుల షెడ్డు, రేకుల మీద ఎర్రటి ఎండ. కానీ లోపల పప్పు మాడిపోతోందని వీరభద్రం తొందరపెడుతున్నాడు. పోనీలే అనుకుంది. బద్ధకానికి వేరే పేరెందుకు.

కాబట్టి ఆ మచ్చ ఎండదే అయ్యుంటుంది. షేడు లేని లెన్సులోకి పక్కనుంచి వెలుగు దూరితే ఫిల్ము మీద ఇలాగే పొగమచ్చ పడుతుంది. సుకన్య ఆ మాటను పదేపదే అనుకుంది. అనుకున్న ప్రతిసారీ కాస్త తేలికపడింది, ఆ వెంటనే మళ్ళీ పోయి నెగెటివ్ చూసింది. ఎండ మచ్చ అయితే అంచులు కరిగిపోయినట్టుండాలి. దీని అంచు తెలిసిపోతోంది.

సాయంత్రం వీరభద్రం ఇంటికొచ్చాడు. వచ్చీరాగానే పొయ్యి మీద పొంగబోతున్న పాలగిన్నెను ఉత్త చేత్తో పట్టి దించి గట్టు మీద పెట్టాడు. ఎప్పుడూ చేసే పనే. వీరభద్రం చేతికి మంట అంటదని వంటవాళ్ళలో పెద్ద పేరు. అన్నం వండే గంజు మూతను అందరూ గుడ్డ చుట్టి తీస్తే, అతను వట్టి చేత్తో లేపి, చుట్టూ ఉన్నవాళ్ళు నోళ్ళు తెరిచి చూస్తుంటే నవ్వేవాడు. సుకన్య కూడా మురిసిపోయేది. ఇవాళ మాత్రం అతని వేళ్ళ వంకే చూసింది.

"పట్కారు లేదా ఇంట్ల? ఎందుకట్ల పడ్తవ్?" అంది.

"పాలు పొంగుతాంటె పట్కారు దేవులాడుకుంట కూసోవాల్నా? ఏమైందే నీకు?"

"కాల్తలేదా?"

"అలవాటైన చెయ్యి. ఇయ్యాల కొత్తగ చూస్తానవా?"

సుకన్య పొయ్యి ఆపింది. పోయిన నెల సంగతి గుర్తొచ్చింది. అతని ఎడమ చిటికెన వేలి మీద ఇంత పొక్కు లేచి చితికి ఉంటే, అన్నం తింటుండగా ఆమే చూసి ఎప్పుడు కాలిందని అడిగింది. అతను ఆ వేలిని అటూ ఇటూ తిప్పి చూసుకుని, అరె, చూడనే లేదన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఎందుకు నవ్వామా అని ఇప్పుడు ఆమెకు అనిపించింది.

ఊళ్ళో పెద్దరోగం అనే ఆ జబ్బు అసలు పేరు మనసులో కూడా అనుకోవడానికి ఆమెకు భయం. తల్లిగారి ఊరు ధర్మసాగర్‌లో, ఆమె చిన్నప్పుడు, సారయ్య తాత అని ఒకాయన ఉండేవాడు. అమ్మకు చిన్నాయన వరస. వేళ్ళు ముడుచుకుపోయి, చేయి పక్షి గోరులా వంగి ఉండేది. ఆయనను పశువుల కొట్టంలో ఉంచారు. కంచం వేరు, చెంబు వేరు. కంచాన్ని కడగకుండా ఎండలో బోర్లించేవారు. కాలం మారింది, బిళ్ళలు వచ్చాయి, ఇప్పుడు ఎవరినీ కొట్టంలో పెట్టరు. ఇదంతా సుకన్యకు తెలుసు. కానీ వీరభద్రం చేసేది పెళ్ళి వంట. ఊరంతా అతని చేతి అన్నం తింటుంది. ఆ చేతికి ఏదో ఉందన్న గుసగుస ఒక్క ఫంక్షన్ హాల్‌లో పుడితే చాలు, మాఘమాసం ముహూర్తాలన్నీ ఇంకో మాస్టర్ చేతికి పోతాయి. అంతకంటే ముందు, ఆ వేళ్ళు. అవి కూడా అలా ముడుచుకుపోతే ఈ మనిషి ఏం చేసుకుని బతుకుతాడు? గంటె పట్టుకోకపోతే వీరభద్రం వీరభద్రమే కాడు.

మర్నాడు నెగెటివ్‌ను కవర్లో పెట్టుకుని, కెమెరా పెట్టె ఆటోలో వేసుకుని మండిబజార్‌కు పోయింది. నయీముద్దీన్ చాచా మంచం మీద కూర్చుని భూతద్దంతో నెగెటివ్‌ను చాలాసేపు చూశాడు. సుకన్య మొగుడి చేతి విషయం చెప్పలేదు, పొక్కు విషయం అసలే చెప్పలేదు. ఫోటోలో మచ్చ పడిందని మాత్రం చెప్పింది.

"షేడ్ పెట్టలే?" అన్నాడు చాచా.

"లేదు చాచా. ఫిల్టర్ అడ్డమొచ్చింది."

"ఎన్నిసార్లు చెప్పిన బేటీ నీకు. షేడ్ లేకుంట లెన్స్ తియ్యుడు, టోపీ లేకుంట మే నెలల తిరుగుడు ఒక్కటే." మళ్ళీ భూతద్దం పెట్టాడు. "కాని ఇది ఎండ కాదనిపిస్తాంది. ఎండైతె గింత గుండ్రంగ, గింత సాఫ్ ఉండదు. బెల్లోస్‌ల చిల్లు ఉన్నదేమో చూసినవా?"

ఆ మాట సుకన్యకు ఆ క్షణంలో అమృతంలా తోచింది. చాచా మనవరాలు పర్వీన్ కిటికీలకు దుప్పట్లు కట్టింది. గది చీకటి చేసి, కెమెరా వెనక నుంచి సెల్‌ఫోన్ టార్చి లోపల పెట్టి, బెల్లోస్‌ను పూర్తిగా సాగదీశారు. ముగ్గురూ చుట్టూ మూగి ఒక్కో మడతా చూస్తూ పోయారు. ఏమీ లేదు. ఇంకో మడత, ఏమీ లేదు. చిల్లు ఉండాలి, ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి అని సుకన్య మనసులో మొక్కుకుంటోంది. తన కెమెరా పాడవాలని మొక్కుకునే ఫోటోగ్రాఫర్ ఇంకెక్కడైనా ఉందో లేదో.

"దాదా, గిదో," అంది పర్వీన్.

కింది మూల మడతలో, ఆవగింజ కంటే చిన్న వెలుగుచుక్క. తోలు అరిగి చిల్లు పడింది.

"అదీ సంగతి," అన్నాడు చాచా. "నీలి ఫిల్టర్ పెడితె వెలుగు తక్కువ పడ్తది, టైం ఎక్కువ ఇస్తం. గా టైంల చిల్లు దాని పని అది చేస్కున్నది. నీ మొగనికి మచ్చ పెట్టింది ఇదే. ఫికర్ చెయ్యకు."

ఫికర్ చెయ్యకు అన్న ఆ మాటకు సుకన్య కళ్ళ నీళ్ళు తిరిగాయి. చీకటిగా ఉండబట్టి సరిపోయింది. చాచా చిల్లు మీద లోపలా బయటా నల్ల గుడ్డటేపు అతికించి, ఈసారి షేడు పెట్టి మళ్ళీ ఒకటి తీసి చూడమన్నాడు. పర్వీన్ చాయ్ తెచ్చింది. అంత మంచి చాయ్ ఈమధ్య తాగలేదనుకుంది సుకన్య. వచ్చేదారిలో చౌరస్తాలో దిగి పావుకిలో చికెన్ ఎక్కువే తీసుకుంది.

అక్కడితో ఊరుకుని ఉంటే ఇంకొన్నాళ్ళు హాయిగా ఉండేది. ఆమె చేత కాలేదు. చిల్లు ఉంది, నిజమే. చిటికెన వేలి మీది పొక్కు కూడా నిజమే. చిల్లు ఫిల్ముకు మచ్చ పెట్టగలదు గానీ, వేలికి మంట తెలియకుండా చేయగలదా? వంట చేస్తుంటే, నీళ్ళు పడుతుంటే, దుకాణంలో ఎవరి మొహానికో తల కొంచెం పైకెత్తమని చెప్తుంటే ఇదే ప్రశ్న. రెండుసార్లు వీరభద్రం పడుకున్నప్పుడు అతని చేయి దగ్గరికి వంగి చూసింది. నూనె మరకలు, వెంట్రుకలు, పాత కాలిన గుర్తులు. మచ్చ ఉందనుకుంటే ఉన్నట్టుంది, లేదనుకుంటే లేనట్టుంది.

ముహూర్తాలు లేని ఒక రోజు చూసి, ఫోటో మళ్ళీ తీయాలని చెప్పింది.

"మొన్ననే తీసినవ్ గదనే."

"అది పాడైంది. బెల్లోస్‌ల చిల్లు."

"నీ డబ్బాకు చిల్లు పడ్డా నేనే నిలబడాలె, నీ కుక్కర్‌కు చిల్లు పడ్డా నేనే నిలబడాలె," అన్నాడు గానీ, బనియన్ వేసుకుని వరండాలోకి వచ్చి చేతులు కట్టుకున్నాడు.

ఈసారి సుకన్య ఏ తప్పుకూ చోటివ్వలేదు. నీలి గాజును ఇంటి దగ్గరే అంచులు అరగదీయించి ఉంచింది, షేడు బిగువుగా దాని మీద కూర్చుంది. వరండాలోకి ఎండ నేరుగా రాదు. అయినా షేడు పైన అట్టముక్క కూడా అడ్డం పట్టింది. ఫిల్ము పెట్టె రెండువైపులా రెండు షీట్లు ఉంటాయి. మొదటి వైపు నీలి ఫిల్టర్‌తో తీసింది. పెట్టె తిప్పి, నీలిది తీసేసి నారింజది పెట్టి, అదే చోట, అదే మనిషిని, రెండో వైపు తీసింది. ఎండది గానీ బెల్లోస్‌ది గానీ అయితే రెంటిలోనూ మచ్చ ఉంటుంది, లేదా రెంటిలోనూ ఉండదు. ఒక్క నీలిదాంట్లోనే ఉంటే, అది కెమెరాది కాదు, చేతిదే.

నల్లగుడ్డ కింద అద్దంలో వీరభద్రం తలకిందులుగా వేలాడుతున్నట్టు కనిపించాడు. నవ్వుతున్నాడు.

"నవ్వకు," అంది గుడ్డ లోంచి. "కదలకు."

"ఎందుకే, గొంతట్లయింది?"

"గుడ్డల నుంచి మాట్లాడితె గట్లనే వస్తది."

అతను బజారుకు పోయాక బాత్‌రూమ్ కిటికీకి అట్ట పెట్టింది. ఫిల్ము కడిగేటప్పుడు చిన్న ఎర్రబల్బు కూడా పనికిరాదు, కటిక చీకటి ఉండాలి. చేసేదంతా వేళ్ళతోనే. ట్రేలో మందునీళ్ళలో షీట్లు ఒకదాని మీద ఒకటి అంటుకోకుండా, అంచులు తడుముతూ, కింది దాన్ని పైకి, పైదాన్ని కిందికి మారుస్తూ ఉండాలి. ఎన్నో ఏళ్ళుగా ఆమె వేళ్ళకు తెలిసిన పని. ఇవాళ మాత్రం ఆ వేళ్ళు ఏం తెలుసుకుంటున్నాయో ఒక్కొక్కటీ తెలిసొచ్చింది. నీళ్ళ చల్లదనం, అంచు పదును, ఫిల్ము జారుడు. ఇవేవీ తెలియకుండా పోవడం ఎలా ఉంటుందోనని ఊహించబోయి మానేసింది. చీకట్లో గోడకు ఆనుకుని, ఏమీ ఉండొద్దు దేవుడా, ఏమీ ఉండొద్దు అని పైకే గొణిగింది. పక్కింటివాళ్ళు వింటే బాత్‌రూమ్‌లో పూజేమిటని నవ్వుకునేవారే.

అట్ట తీసి రెండు నెగెటివ్‌లను కిటికీకి పెట్టింది. ముందు నారింజది చూసింది. కావాలనే ముందు అది చూసింది. చేయి నున్నగా, తెల్లగా, ఒక్క చుక్క లేకుండా ఉంది.

నీలిదాంట్లో మచ్చ ఉంది. అదే చేయి, మోచేతికి కింద అదే చోటు, అదే ఆకారం. ఈసారి ఫోకస్ ఇంకా పదునుగా ఉండడంతో చుట్టూ ఉన్న వెంట్రుకలు కూడా కనిపిస్తున్నాయి. మచ్చ లోపల అవి దాదాపు లేవు.

సుకన్య తడినేల మీదే కూర్చుంది. చిల్లు నిజం, ఎండ నిజం, షేడు పెట్టకపోవడం నిజం. వాటన్నిటి వెనక ఈ మచ్చ కూడా మొదటినుంచీ నిజమే. తన తప్పే కారణం కావాలని అంతగా కోరుకుంది. ఇప్పుడు ఆ తప్పు కూడా ఆమెకు దక్కలేదు.

కాసేపటికి లేచి, మొహం కడుక్కుని, ఆశా వర్కర్ బక్కమ్మకు ఫోన్ చేసింది. దుకాణానికి వచ్చిన ఒకామె అడిగిందని, చేతి మీద తెల్లమచ్చ ఉంటే అదేనా అని అడిగింది.

"అన్ని మచ్చలు అది కాదు బిడ్డా," అంది బక్కమ్మ. "ముడితె తెలుస్తాందా లేదా చూడాలె. కండ్లు మూస్కొమ్మని చెప్పి దూదిపోగు తోని ముట్టు. తెలిసినప్పుడల్ల ఆ అనాలె. తెలిస్తె భయం లేదు."

"తెల్వకుంటె?"

"తెల్వకుంటె దవాఖానకు రావాలె. బిళ్ళలు ఉత్తగనే ఇస్తరు, తక్కువైతది. ఎవలకు అంటది అని ఆగం కావద్దు. కాని ఆల్చం చేస్తె నరం పోతది. పోయిన నరం మల్ల రాదు. చిటికెన వేలు దిక్కు ఏమన్న తిమ్మిరున్నదా ఆమెకు?"

"ఎవరికి?" అంది సుకన్య.

"దుకాణంకొచ్చినామెకు."

"అడుగుత," అని ఫోన్ పెట్టేసింది.

వీరభద్రం కూరగాయల సంచితో వచ్చేసరికి ఆమె వరండాలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు ఎదురెదురుగా వేసింది. దీపాల వత్తులకు పెట్టుకున్న దూది లోంచి సన్నటి పోగు తీసి, కొనను మెత్తగా నలిపి పెట్టుకుంది.

"కూసో. చొక్కా తీసి, చెయ్యి ఇటు పెట్టు."

"మల్ల ఫోటోనా?"

"కాదు. కండ్లు మూస్కో. నేను ముట్టినప్పుడల్ల ఆ అను. చూడొద్దు."

అతను ఆమె మొహంలోకి చూశాడు. చొక్కా విప్పి కుర్చీ వీపు మీద వేసి, చేయి ఆమె మోకాలి మీద పెట్టి కళ్ళు మూసుకున్నాడు. చిన్నపిల్లల ఆటకు కూర్చున్నట్టు పెదాల మీద నవ్వుంది.

సుకన్య ముందు భుజం మీద ముట్టింది.

"ఆ."

మణికట్టు దగ్గర.

"ఆ."

ఊపిరి బిగబట్టి, మోచేతికి కింద, సరిగ్గా ఆ చోట దూదికొన ఆనించింది.

"ఆ," అన్నాడు వీరభద్రం.

మళ్ళీ అక్కడే ముట్టింది. ఆ అన్నాడు. కొంచెం పక్కన. ఆ. మళ్ళీ మచ్చ నడుమ. ఆ. ఒక్కటీ తప్పలేదు. సుకన్యకు పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది. తెలుస్తోంది, అన్నీ తెలుస్తున్నాయి. వట్టి మచ్చ, అంతే. ఎండకో, నూనెకో పడ్డ ఏదో పిచ్చి మచ్చ. ఉబికి వచ్చిన కన్నీళ్ళు తుడుచుకోవడానికి చేయి పైకెత్తింది.

"ఆ," అన్నాడు వీరభద్రం.

ఆమె చేయి చెంప దగ్గరే ఆగిపోయింది. దూదిపోగు ఆమె వేళ్ళ మధ్యే ఉంది. అతనిని ముట్టనే లేదు. అర్థం కావడానికి క్షణం పట్టింది. చేయి ఎత్తినప్పుడు మణికట్టు మీది గాజులు గలగలమన్నాయి.

అతను మోసం చేయలేదు. కళ్ళు గట్టిగానే మూసుకున్నాడు. ముట్టబోయిన ప్రతిసారీ గాజులు చప్పుడు చేశాయి, ఆ చప్పుడును అతని ఒళ్ళు స్పర్శ అనుకుంది.

పెళ్ళయినప్పటి నుంచి సుకన్య చేతులు బోసిగా ఉన్నది లేదు. పగిలితే పగిలినవి తీసి, ఒక్కటైనా ఉంచుకునే కొత్తవి వేసుకునేది. మొగుడు ఎదురుగా ఉండగా గాజులు తీసేయడమంటే ఆమెకు తెలిసిన ఏ ఆడదీ చేసే పని కాదు. కుడిచేతి మట్టిగాజులను ఎడమచేత్తో బిగించి పట్టి, చప్పుడు కాకుండా, ఒక్కొక్కటిగా పిడికిలి మీదుగా లాగింది. చర్మం గీసుకుని మండింది. తీసినవాటిని కొంగులో పెట్టి నేల మీద మెల్లిగా దించింది. లోపల ఏదో అపశకునం అరుస్తూనే ఉంది.

బోసిచేత్తో దూదిపోగు తీసి భుజం మీద ఆనించింది.

"ఆ."

తర్వాత మచ్చ మీద ఆనించింది. వీరభద్రం ఏమీ అనలేదు. దూదిని అటూ ఇటూ కదిపింది. అతను కళ్ళు మూసుకుని, తల కొంచెం పక్కకు వంచి, వింటున్నట్టు కూర్చున్నాడు. ఆ నవ్వు ఇంకా పెదాల మీదే ఉంది. ఆమె దూదిని వదిలేసి చూపుడు వేలి గోటిని మెల్లిగా ఆనించింది. గోరు తెల్లబడేదాకా నొక్కలేదు గానీ, ఎవరికైనా తెలియాలి. ఆ చేయి చలించలేదు.

గల్లీలో ఎవరో బండి స్టార్ట్ చేసుకుని పోయారు.

"ఏందే, ఆగినవ్?" అన్నాడు వీరభద్రం. "పెట్టు మరి. ఎంతసేపు కూసుండాలె?"

బదులు రాకపోయేసరికి అతను కళ్ళు తెరిచాడు. ముందు ఆమె బోసి మణికట్టు చూశాడు. మొహం మారిపోయింది.

"గాజులెందుకు తీసినవే? ఏం పని అది?" అన్నాడు.

ఆమె అతని చేతి వైపే చూస్తోంది. అతను కూడా అటు చూశాడు. మోచేతికి కింద ఆమె వేలు ఆని ఉంది. వేలి పక్కన దూదిపోగు ఉంది. వీరభద్రం ఆ వేలిని చూశాడు, ఆమె మొహాన్ని చూశాడు, మళ్ళీ ఆ వేలినే చూశాడు.

"ఎప్పుడు పెట్టినవ్?" అన్నాడు.

"నువ్వు పెట్టుమననీకి ముందే."

అతను చొక్కా తీసుకుని తొడుక్కున్నాడు. ఇంట్లో ఉన్నప్పుడెప్పుడూ మడిచే చేతులను ఇవాళ మణికట్టు దాకా దించి, బొత్తాం పెట్టుకోబోయాడు. వేళ్ళు తడబడ్డాయి. అది భయానికో, ఇంకెందుకో ఇద్దరికీ తెలియదు. రెండోసారి కూడా బొత్తాం కాజాలోకి పోలేదు. సుకన్య అతని చేయి దగ్గరికి లాక్కుని తానే పెట్టింది.

"ఎవలకు చెప్పకు," అన్నాడు.

"బక్కమ్మకు చెప్త," అంది సుకన్య. "దవాఖాన మూయకముందే పోవాలె. లే."